ఆ తల్లి ప్రక్కన కూర్చున్నవారు



పుట్టు గ్రుడ్డివానిని చూచిన శిష్యులకు ముందుగా తోచినది, ఇది ఎవరి పాపమా అన్న సందేహమే. మన సంఘాలలో ఆ సందేహము నేటికీ తీరలేదు. నేనూ దానికి తప్పించుకొన్నవాడను కాను.

ఒక తల్లి తన పదునాలుగేండ్ల కుమారుని గూర్చి నా యొద్దకు వచ్చింది. నెల రోజులుగా బడికి పోడు, ఎవరో తనను పిలుస్తున్నారంటాడు. కుటుంబ ప్రార్థన మానివేశారా అని అడిగాను. ఆమె మరి ఆరాధనకు రాలేదు. వేదాంత కళాశాల చదువు ఆనాడు నాకు అక్కరకు రాలేదు.

ఆమెను తిరిగి తెచ్చినది స్త్రీల మైత్రిలోని మరియొక తల్లి. తన బిడ్డకూ ఇట్టి జబ్బేనని ఆమె ఏండ్ల తరబడి దాచుకొన్నది, ఇప్పుడు చెప్పింది. ఇద్దరూ కలిసి ఆసుపత్రి ఓ.పి. వరుసలో నిలిచారు. మందు మగతలో ఉన్న పిల్లవానిని ప్రొద్దుట ఎట్లు లేపాలో, చుట్టాలకు ఏమి చెప్పనక్కరలేదో, ఇవి డాక్టరుకు చెప్పే తీరిక లేని సంగతులు.

బడివారు టి.సి. తీసుకొనిపొమ్మన్నారు. ఒంటరిగా వెళ్లిన తల్లిని గుమాస్తాయే పంపివేశాడు. నలుగురు తలిదండ్రులు కలిసి వెళ్తే కుర్చీలు వేశారు! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధి కూడ ఉన్నదనీ, గుర్తింపు పొందిన బడి అట్టి బిడ్డపై వివక్ష చూపరాదనీ వారు కాగితము చూపించారు. బాలుడు బడిలోనే ఉన్నాడు. కొన్ని దినములు ఇప్పటికీ వెళ్లడు.

ఇప్పుడు రెండవ శనివారము పార్సనేజి వసారాలో ఆరు కుటుంబాలు కూడుకొంటాయి. నేను టీ పోస్తాను, ఉపదేశము చేయను. రాత్రివేళ దిక్కుతోచనివారికి 14416 ఉన్నది; 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అది. తెలుగులో మాట్లాడుతారు, ఖర్చు లేదు. ఆ నంబరు దేవాలయపు ప్రకటనల బోర్డుమీద వ్రాయించాను.