ఋతువుల వెంట పక్షుల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున గ్రంథములను గూర్చి ప్రసంగింపదగిన విద్వాంసులు ఈ వేదికపై పెక్కురు కలరు. నేను గ్రామలెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ బీరువాలలోని ప్రబంధములను నిఘంటువు దగ్గర నుంచుకొని నా యంతట నేను చదువుకొన్నవాడను. కావున నాకు పరిచయమైన రెండింటిని, లెక్కను కావ్యమును, జతపరచి ఒక మనవి చేయుదును.

మన పఠనమందిరమున వార్తాపత్రికల బల్లమీద ఎర్రగుడ్డ అట్ట వేసిన రిజిస్టరు ఒకటి యున్నది. నెలకొక ఆదివారము తెల్లవారకముందే పిన్నలు పెద్దలు పదిమంది కూడి, పొలము గట్లవెంట, చెరువుకట్ట మీద, చలికాలమున కొల్లేటి యొడ్డున తిరిగి చూచిన పక్షుల లెక్క అందున్నది. నాలుగేండ్లుగా ఒక్క నెలయు తప్పలేదు. ఈ గ్రంథాలయమున కొనితెచ్చిన గ్రంథములు వేలు కలవు. మన ఊరు తాను వ్రాసికొనిన గ్రంథము మాత్రము అదియొక్కటే.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరి వర్ణనమున ఒక ముచ్చట కలదు. కాలువల దరిని బాతులు రెక్కలలో తలలు దూర్చి నిదురించుచుండును. వేకువ స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలని తలచి, తలారులు వానిని తీసి యిచ్చుటకై నీట దిగుదురు. బాతులు లేచిపోవును. వరిచేలకు కావలియున్న పడుచులు పకపక నవ్వుదురు. రాయలవారు బాతు నిద్రను ఎంత దగ్గరగా చూచిరో గమనింపుడు. అంతకంటె ముఖ్యమైనది ఆ నవ్వు. అధికారము గలవారికి బట్టలుగా కనబడినవి, దినదినము చేనిలో నిలిచినవారికి బాతులుగానే కనబడినవి.

ఇది కావ్యమునకే చెల్లు మాట కాదు. 1848లో జెర్డాను అను వైద్యుడు మన తెలుగునేలనే కనుగొని లోకమునకు తెలిపిన పక్షి యొకటి 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. అది నశించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా చిట్టడవులలో అది మరల కనబడినది. దానిని కనిపెట్టుటకు తోడ్పడినవాడు ఆ ప్రాంతపు వేటగాడు. ఆ పల్లెలవారు దానిని కలివికోడి యని పిలుచుచునే యుండిరి. గ్రంథములు లేదన్న పక్షికి ఊరివారి నోట పేరు నిలిచియున్నది. అందుచేత మన రిజిస్టరులో ప్రతి పక్షికి మొదట మన ఊరి పేరునే వ్రాయుదుము. శాస్త్రనామము తరువాతి గడిలో వచ్చును.

రెవెన్యూ లెక్కలలో ఫసలీ సంవత్సరము జూలై 1తో మొదలగును. మన పక్షుల సంవత్సరమును తొలకరితోనే మొదలుపెట్టితిమి. అప్పుడు చాతకము వచ్చును. అది వానచినుకులనే త్రాగునని కవులు వర్ణించిరి. మనవారు చూచినపుడు అది గొంగళిపురుగులను మ్రింగుచుండెను. అందులకు కవిని తప్పుపట్టవలసిన పనిలేదు. ఆఫ్రికా ఖండము నుండి నైరుతి గాలులతో తరలివచ్చు చాతకములు కలవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. వానకును దానికిని గల చుట్టరికమును మన పూర్వులు ఏ పరికరమును లేకయే గుర్తించిరి. ఆ నెలలలోనే గుడ్డికొంగ వీపు ఎఱ్ఱని కావిరంగు దేరును. పశువుల వెంట దిరుగు తెల్లకొంగకు తల, మెడ బంగారువన్నె యగును. ఈతచెట్లకు గిజిగాడు గూళ్ళు అల్లును. మగపక్షి సగము గూడు అల్లి, ఆడుపక్షి వచ్చి మెచ్చిన పిదపనే తక్కిన సగము పూర్తిచేయును. మెచ్చని గూళ్ళు సగములోనే వ్రేలాడుచుండును. వానిని లెక్కించు పని మన బడిపిల్లలది.

శరత్తున కాటుకపిట్ట దిగును. కావ్యములలో ఖంజరీటమని చదివినది ఇదియే. ఉత్తరదేశముల చలికి తాళలేక వచ్చి, మన కళ్ళములలో తోక యాడించుచు తిరుగును. దసరానాడు పాలపిట్టను చూచుట మనకు శుభము. కొన్నిచోట్ల దానిని పట్టి పంజరములో నుంచి చూపి డబ్బు పుచ్చుకొందురు. రెక్క విప్పి యెగిరినపుడు గదా దాని నీలము కనబడుట! కట్టివేసిన పిట్టను చూచినందువలన కలుగు శుభమేమో నాకు బోధపడదు.

హేమంతమున కొల్లేటికి పోవుదుము. సూదితోక బాతులు ఆసియా ఉత్తరభాగము నుండి వచ్చి అచ్చట చలికాలము గడపును. ఆటపాకలో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టును. వీనిని గూడ సైబీరియా పక్షులని చెప్పుకొనువారు కలరు. అది సరికాదు. ఇచ్చటనే గూడు కట్టి, ఇచ్చటనే పిల్లలను పెంచు ఈ గూడబాతు మన దక్షిణదేశపు బిడ్డ. చలికాలమునకు వచ్చిపోవు అతిథికి ఇచ్చట ఆశ్రయము చెడినచో వేరొక నీటిపట్టును వెదకికొనవచ్చును. ఇంటిబిడ్డకు ఇల్లు చెడినచో పోవుటకు చోటేది? కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో అందలి చేపలచెరువుల గట్లను పెక్కింటిని ప్రభుత్వము తెగగొట్టించినది. ప్రకటన వేరు, దినదినము కాపాడుట వేరు అని కొల్లేటి చరిత్రయే చెప్పుచున్నది.

వసంతమున కోయిల. కూయునది మగకోయిల, అది నలుపు. ఆడుకోయిల ఒడలెల్ల చుక్కలు. అది కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. పరభృతమను పేరునకు అర్థము అమరమున చదివినవారు, మార్గశిరమున మఱ్ఱిపండ్లు తినుచు మౌనముగా నున్న కోయిలను చూడరైరి. ఏడాది పొడవున తిరిగినచో గాని అది మనలను విడిచిపోలేదని, గొంతు మాత్రమే దాచుకొనినదని తెలియదు.

ఇన్నిటికి గుంపేల, ఒంటరిగా పోరాదా యని అడిగినవారున్నారు. ఒకడు చూచినది ఒకని మాట; నలుగురు చూచినది దాఖలా. మావద్ద నున్న దుర్భిణి ఒక్కటి. అది చేతులు మారవలసినదే. గీతకార్మికునికి తాటితోపు పక్షులు తెలియును. వలవేయువారికి నీటిపిట్టలు తెలియును. పిల్లలకు చూపు వాడి. ఇద్దరు ఒప్పుకొననిదే ఏ పేరును వ్రాయము. గూటి దగ్గరకు పోము, గట్టిగా మాటలాడము. తేది, వేళ, చోటు, సంఖ్య తప్పక వ్రాయుదుము. ఏమియు కనబడని దినమున ఆ మాటయే వ్రాయుదుము. అడంగలులో పండిన చేనినే గాక బీడును గూడ వ్రాయుదుము గదా! బీడు వ్రాయని లెక్క లెక్క కాదు.

ఇట్టి లెక్కలకు దేశమున విలువ కలదు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ముప్పదివేలమందికి పైగా పక్షులను చూచువారు వ్రాసిన మూడుకోట్ల నమోదులు ఆధారములైనవి. మన పాలపిట్ట తగ్గిపోవుచున్నదని ఆ నివేదికయే తెలిపినది. ఏ ఒక్కరి కంటికిని ఆ తరుగు కనబడదు. అందరి లెక్కలు కూడినపుడే అది బయటపడును.

ఇక అసలు మనవి. చెరువుకట్ట మీది చింతచెట్లను వేలము వేయవలెనని పంచాయతీలో ప్రతిపాదన యున్నది. రెట్ట వాసన, రేవులో బట్టలుతుకువారి ఇబ్బంది నిజమైనవే. వానిని నేను త్రోసిపుచ్చను. కాని మన రిజిస్టరును ఒకపరి విప్పి చూడుడు. నాలుగేండ్లుగా వానకాలము వచ్చెననగా ఆ చెట్లమీదనే నీటికాకులు, గుడ్డికొంగలు, తెల్లకొంగలు గూళ్ళు పెట్టుచున్నవి. తక్కిన చెట్లమీద అట్టి గూళ్ళు వ్రాయబడలేదు. దున్నునపుడు మీ నాగలి వెంట మిడుతలను ఏరుకొని తినుచు నడచునది ఆ తెల్లకొంగయే. గూళ్ళను, గ్రుడ్లను పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమను సంగతియు మరువరాదు.

తమిళదేశమున వేదంతాంగల్ అను గ్రామము కలదు. సిపాయిలు తమ చెరువులోని పక్షులను కాల్చుచుండగా గ్రామస్థులు కలెక్టరుకు మొరపెట్టుకొని, 1798లో పక్షులకు రక్షణ నిచ్చు కౌలు పొందిరి. దానిని 1858లో మరల స్థిరపరచుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు తమ పొలములకు ఎరువని వారు ఎరుగుదురు. ఒక కాగితము ముక్క, దానిని తరతరములు దాచుకొనిన ఊరు, ఈ రెండే ఆ పక్షులను నిలిపినవి.

కావున పంచాయతీ పెద్దలను నేను వేడుకొనునది మూడు మాటలు. పిల్లలు ఎగిరిపోవువరకు చెట్లజోలికి పోవద్దు. బట్టల రేవును కట్ట అవతలి దరికి మార్చుడు. అటుపిమ్మట ఎండిన కొమ్మలనే కొట్టింపుడు, చెట్లను నిలుపుడు. వేలమువలన వచ్చు సొమ్ము ఒక్కసారి జమయగును. ఆ చెట్లు పోయినచో ఖర్చు ఏటేట పడుచుండును. ముప్పదేండ్లు జమాఖర్చులు వ్రాసినవానిగా ఈ మాట చెప్పుచున్నాను.

యువకులారా! వచ్చు ఆదివారము పుటపై ఏమి వ్రాయవలసివచ్చునో నేడు చెప్పలేము. చింతచెట్ల గడిలో గూళ్ళ సంఖ్య వ్రాయవలసివచ్చునో, బీడని వ్రాయవలసివచ్చునో ఈ సభలోని పెద్దల నిర్ణయముపై ఆధారపడియున్నది. ఏది వ్రాయవలసివచ్చినను కలము ఆపవద్దు. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి నేను ఉండకపోవచ్చును గాని, ఆ రిజిస్టరు ఉండవలెను. అందు మన ఊరి పక్షుల పేర్లు మన భాషలో, మన పిల్లల చేవ్రాతలో నిండియుండవలెను.