'మేము' కాదు, 'మనము'

(సంఘపు వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బస్సులో కూర్చుండియు, వంటయింట పనిచేయుచును, చెవిలో చిన్న సాధనము నుంచుకొని శాస్త్రవిషయములు వినువారు నేడు మన యిండ్లలో పెక్కురు. పాడ్‌కాస్ట్ అను మాట 2004లో పుట్టినది. రేడియో ప్రసంగమును ఆ వేళకే వినవలెను; దీనిని కోరిన వేళ వినవచ్చును. అయినను దీని బలము సాధనములో లేదు, మాటతీరులో నున్నది.

సభలో ఉపన్యాసకుడు పలువురతో మాటలాడును. ఇందులో వక్త ఒక్కరి చెవిలో మాటలాడును. అందుచేత మంచి వక్తలు నిర్వచనముతో కాక ప్రశ్నతో ఆరంభింతురు. ఎరుగనిదానిని ఎరుగమని యొప్పుకొందురు. 2002లో న్యూయార్కున రేడియో కార్యక్రమముగా మొదలై, పిదప పాడ్‌కాస్ట్‌గా వ్యాపించిన 'రేడియోలాబ్' ఇద్దరు మిత్రుల సంభాషణవలె శాస్త్రమును చెప్పి పేరొందినది.

శాస్త్రమును చెవికి చేర్చుట మన బెంగళూరుకు క్రొత్త కాదు. బాల్యమును విశాఖపట్టణమున గడిపి, 1933లో ఈ నగరమునకు వచ్చి, 1970లో ఇచటనే కన్నుమూసిన సి. వి. రామన్ గారు రేడియోలో శాస్త్రప్రసంగములు చేసిరి. సముద్ర మేల నీలముగా నుండును? 1921 ఓడప్రయాణమున వారిని పట్టుకొన్న ప్రశ్న ఇది. ఆకాశపు ప్రతిబింబమే కారణమని అంతకుముందు పెద్దలు చెప్పిరి. నీరును వెలుగును చెదరగొట్టునని రామన్ గారు చూపిరి.

ఆకాశపు నీలమును గూర్చి బిడ్డకు 'కాంతి పరిక్షేపణము' అని మొదలుపెట్టినచో ముఖము త్రిప్పుకొనును. "ఎండ గాలిలో పడి చెదురుతుంది, ఎరుపుకంటే నీలం ఎక్కువగా చెదురుతుంది, అందుకే ఎటు చూసినా మనకు నీలమే కనిపిస్తుంది" అన్నచో తలయెత్తి చూచును.

ఆ 'మనకు' అను మాటను గమనింపుడు. ఇంగ్లీషులో 'వి' యొక్కటే; నేటి కన్నడములో 'నావు' ఒక్కటే. తెలుగున రెండు కలవు. వినువారిని వెలుపల నుంచునది 'మేము'. లోనికి చేర్చుకొనునది 'మనము'. ఇంగ్లీషు వక్తలు ఎంతో నేర్పుతో సాధించు చనువును మన భాష ఒక్క మాటతో నిచ్చుచున్నది. అయితే చనువు పేర సత్యమును వదలరాదు. ప్రయోగము చేసినవారి పేరు చెప్పియే తీరవలెను.

తరతరములుగా ఇచట నున్న మన కుటుంబములలో పిల్లలు పెక్కురు కన్నడము, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు లిపి రాదు. విన్న తెలుగు వచ్చును. అదియు వంటకు, పిలుపునకు, మందలింపునకు మాత్రమే మిగులుచున్నది. ఆలోచనకు వాడని భాష ఎంతకాలము ఇంట నిలుచును? తెలుగు పుస్తకము చదువలేని బిడ్డకు చెవి యింకను తెరచియే యున్నది.

కావున ఒక మనవి. మనలో ఇంజనీర్లు, వైద్యులు, అధ్యాపకులు ఉన్నారు. ఎవరి పనిలోని ఒక్క విషయమును వారు పది నిమిషములు ఇంటి తెలుగులో చెప్పి, ఫోనులో రికార్డు చేయుడు. వైరస్, బ్యాటరీ వంటి మాటలను అట్లే యుంచుడు. వాక్యము తెలుగైన చాలును. అవ్వయు మనుమరాలును కలిసి వినదగినట్లు చెప్పుడు.

మేమును మా వంతు చెప్పుదుము. కలిసి మనము విందము.