అజ్ఞానం ఎందుకు వీడదు?

 

విశ్వప్రభువైన అల్లాహ్‌ను స్తుతించి, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్, సలాం పంపి నేటి అంశాన్ని ప్రారంభిస్తున్నాను.

బడులు పెరిగాయి, పుస్తకాలు పెరిగాయి, ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అయినా మనలో అజ్ఞానం ఎందుకు వీడడం లేదు? చదువు లేకపోవడమే కారణమని అనుకుంటాం. అది ఒక కారణం మాత్రమే. మరొక కారణాన్ని ఒక హదీసు మన కళ్ళ ముందు నిలుపుతుంది.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఒక ప్రయాణంలో సహచరుడొకరికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ తర్వాత ఆయనకు గుస్ల్ విధి అయింది. నీటికి బదులు పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగారు. నీరు అందుబాటులో ఉంది గనుక ఆ వెసులుబాటు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. ఆ మరణానికి బాధ్యులు వారేనన్నారు. తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని, అజ్ఞానమనే రోగానికి అడగడమే మందని బోధించారు.

గమనించండి! గాయపడిన వ్యక్తి అడిగారు. లోపం ఆయనది కాదు. బదులిచ్చినవారు దుర్మార్గులూ కారు. నీరుంటే తయమ్ముమ్ లేదన్న సాధారణ నియమం వారికి తెలుసు. ప్రాణాపాయమున్న గాయానికి అది వర్తిస్తుందా అన్నది తెలియదు. తమకు తెలియదన్న సంగతి కూడా వారికి తోచలేదు. సగం తెలిసినవారు పూర్తిగా తెలిసినట్లు మాట్లాడటమే ఒక ప్రాణాన్ని బలిగొన్నది.

ఇది గతించిన కథ కాదు. రమజాన్ మాసం వస్తే మన ఇళ్ళలోనే జరుగుతుంది. మధుమేహం ఉన్న పెద్దలు ఎందరో వైద్యుణ్ణి అడగకుండానే రోజా పాటిస్తారు. మానేస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం. ఇన్సులిన్ వాడేవారికి, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారికి పగలంతా ఆహారం లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. వేలి నుంచి రక్తపు చుక్క తీస్తే రోజా భంగమవుతుందేమోనని పరీక్షే మానుకునేవారూ ఉన్నారు. దానివల్ల భంగం కాదని ధర్మవేత్తలు చెప్పారు. రోగికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు అల్ బఖరా సూరాలో, 184, 185 ఆయతులలో స్పష్టంగా ఉంది. ప్రభువు ఇచ్చిన సౌలభ్యాన్ని, అడగడానికి సిగ్గుపడి మనమే పోగొట్టుకోవడం భక్తి అవుతుందా?

కాబట్టి ఎవరిని ఏది అడగాలో తెలుసుకోండి. రోజా ఉండగలనా అన్నది వైద్యుణ్ణి అడగాలి. ఉండలేకపోతే ఖజా, ఫిద్యా ఎలాగన్నది ఆలిమ్‌ను అడగాలి. ఉర్దూలో అడగలేనివారు తెలుగులో అడగండి. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు ఇబ్రాహీమ్ సూరా 4వ ఆయతు తెలుపుతోంది. ధర్మ విషయాలు తెలుసుకోవడానికి అన్సార్ మహిళలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. మన ఆడపడుచులు కూడా అడగాలి. అడిగే వీలు మనం కల్పించాలి.

ఇక బదులు చెప్పే స్థానంలో ఉన్న మాకూ, ఇంటి పెద్దలకూ ఒక మాట. మదీనా మహాపండితుడు ఇమామ్ మాలిక్ (రహ్మ) తనను అడిగిన అనేక ప్రశ్నలకు తనకు తెలియదనే బదులిచ్చినట్లు గ్రంథాలు చెబుతున్నాయి. దానివల్ల ఆయన గౌరవం తగ్గలేదు. తెలియదని చెప్పగలిగిన వాని మాటనే, తెలుసునన్నప్పుడు నమ్మగలం.

అడిగినవారిని కసురుకోవడం మరో తప్పు. ముఆవియా బిన్ హకమ్ (రజి) తెలియక నమాజులోనే మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమారు. దైవప్రవక్త (స) మాత్రం నమాజు ముగిశాక తిట్టలేదు, కొట్టలేదు. నమాజులో లోకాభిరామం తగదని మృదువుగా వివరించారు. అంతటి బోధకుణ్ణి తాను ఎన్నడూ చూడలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. మన పిల్లవాడు ఎందుకని అడిగితే మనం ఏమంటున్నాం? నోరు మూయించిన పిల్లవాడు అడగడం మానేస్తాడు. ఆ తర్వాత ఫోనులో ఎవరు ఏది చెబితే దానినే నమ్ముతాడు.

సోదరులారా! జ్ఞానం పెంచమని వేడుకోవలసిందిగా అల్లాహ్ స్వయంగా తన ప్రవక్తనే ఆదేశించాడు (తాహా సూరా, 114). ఆయనకే అవసరమైన ప్రార్థన మనకు ఎంత అవసరమో ఆలోచించండి. అడగడానికి వినయాన్ని, తెలియదని చెప్పడానికి ధైర్యాన్ని, బోధించడానికి ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.