గుచ్చితేనే అర్థం: పూసల రంగుల గురించి ఒక ఆలోచన

ఈనాటి విషయం చాలా చిన్న వస్తువు: పూస. ఆవగింజంత పూసకైనా రంగును బట్టి ఒక అర్థం ఉంటుందని లోకం నమ్ముతుంది. ఎరుపు ప్రేమ, తెలుపు పవిత్రత, నలుపు దుఃఖం, ఆకుపచ్చ పంట అని చెప్పే పట్టికలు పుస్తకాల్లోనూ నగల దుకాణాల్లోనూ కనిపిస్తాయి. వాటిలో నిజం బొత్తిగా లేదని నేననను. కానీ అవి అర్థాన్ని ఉన్నచోట వెతకడం లేదు. విడిపూసలో రంగు ఉంటుంది, అర్థం ఉండదు. పక్కన ఏ పూస చేరింది, ఎవరు వేసుకున్నారు, ఎక్కడ, ఏ సందర్భంలో అన్నవి కలిసినప్పుడే అది మాట్లాడుతుంది. ఈ మాటకు సాక్ష్యాలు చూపించి, దీనిమీద వచ్చే అభ్యంతరాలకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మన ఇంటి నుంచే మొదలుపెడదాం. తెలుగు పెళ్లిలో పెద్దలు నలుపును దూరం పెడతారు. పెళ్లికూతురికి నల్లచీర కట్టరు. అయినా అదే అమ్మాయి మెడలో నల్లపూసలు పడితే అది సౌభాగ్యం. గుడ్డలో అశుభమైన రంగు పూసలో శుభమైంది. నలుపు దిష్టిని ఆపుతుందని, పసిబిడ్డ బుగ్గన పెట్టే కాటుకచుక్కలాగే ఈ పూసలూ కాపు కాస్తాయని అంటారు. ఆ వివరణ సగం వరకే పనిచేస్తుంది. పసిపిల్లల చేతికి కట్టే నల్లపూస నిజంగా దిష్టికే. అదే పూస మంగళసూత్రం పక్కన చేరితే పెళ్లిమాట చెబుతుంది. రంగు మారలేదు, పూసా మారలేదు. చేరిన చోటు మారింది. మరాఠీ, కన్నడ సీమల్లోనూ ఉన్న ఈ ఆచారం తమిళనాట చాలా కులాల్లో లేదు. అక్కడ తాళి పసుపుతాడుకో బంగారు గొలుసుకో ఉంటుంది. అందుకే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల స్త్రీలను తరచుగా మెడలోని నల్లపూసలే పట్టిస్తాయి. హైదరాబాదు ముస్లిం ఇళ్లలో పెళ్లికూతురికి కట్టే లచ్ఛా కూడా నల్లపూసలదే. మతాల మధ్య గీత దాటిన పూస సీమల మధ్య గీత దగ్గర ఆగింది. నలుపుకు ఒకే అర్థం రాసిపెట్టిన పట్టిక ఈ సంగతి ఎలా చెప్పగలదు?

ఇలాంటి పట్టికలకు బాగా ఎక్కిన పేరు దక్షిణాఫ్రికాలోని జూలూ పూసలది. జూలూ అమ్మాయిలు ప్రియులకు గుచ్చి ఇచ్చిన పూసల పతకాలు ప్రేమలేఖలుగా ప్రసిద్ధికెక్కాయి. వాటికి చెప్పే వివరణల్లోనే ఒక చిక్కు ఉంది. తెలుపు ఒక్కటి మినహా ప్రతి రంగుకూ మంచి చెడు రెండూ చెబుతారు. ఎరుపు గాఢమైన ప్రేమ కావచ్చు, కోపమూ కావచ్చు. నలుపు పెళ్లి కావచ్చు, దుఃఖమూ కావచ్చు. మరి చదివేవాడికి ఏది తెలియాలి? క్వాజూలు-నటాల్‌లోని మ్సింగా ప్రాంతంలో పరిశోధకులు నమోదు చేసిన రంగుల కూర్పులు చూస్తే దారి దొరుకుతుంది. ఇసిషుంకా అనే కూర్పులో ఏడు రంగులు: తెలుపు, లేతనీలం, ముదురు ఆకుపచ్చ, లేతపసుపు, గులాబి, ఎరుపు, నలుపు. ఇసిథెంబులో ఐదు, తెలుపు ఉండదు. ఉమ్‌జాన్సిలో నాలుగే, నలుపు ఉండదు. ఎరుపు మూడింటిలోనూ ఉంది. కాబట్టి ఎరుపు ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చలేం. ఏ రంగులు కలిశాయి, ఏది రాలేదు అని చూస్తేనే వేసుకున్నవారి ప్రాంతమో వంశమో తెలుస్తుంది. మన అక్షరాలూ అంతే. 'క' అన్నదానికి విడిగా అర్థం లేదు. 'కల'లో చేరితే ఒకటి, 'కడలి'లో చేరితే మరొకటి.

అట్లాంటిక్‌కు అవతల, ఉత్తర అమెరికా ఈశాన్యాన, హొడెనొషోని ప్రజల వామ్పమ్ పట్టీలు ఇదే సంగతిని మరింత గంభీరంగా చెబుతాయి. ఇవి గాజుపూసలు కావు, సముద్రపు గుల్లల్ని అరగదీసి చేసినవి. తెల్లపూస శంఖజాతి గుల్లది, ఊదాపూస క్వాహాగ్ ఆల్చిప్పది. తెలుపు శాంతికీ, ఊదా శోకానికీ బరువైన విషయాలకూ గుర్తని సాధారణంగా చెబుతారు. మరి అయిదు జాతుల కలయికకు చిహ్నమైన హయవాతా పట్టీలో నేలంతా ఊదాయే. దాని మీద తెల్లని చెట్టు, ఇరుపక్కలా నాలుగు చతురస్రాలు, వాటిని కలిపే గీత. ఆ ఊదా ఏడుపు కాదు. కలయిక కనిపించడానికి పరిచిన నేల. రెండు వరుసల పట్టీ ఇందుకు తలకిందులు. తెల్లనేల మీద రెండు ఊదాగీతలు ఐరోపావారి ఓడకూ హొడెనొషోని పడవకూ గుర్తులు: పక్కపక్కన సాగాలి, ఒకదాన్నొకటి అడ్డగించకూడదు. పైగా ఈ పట్టీలను సభలో చేతపట్టి పెద్దలు మాట చెప్పేవారు. ఆ మాట ఆగిపోతే పట్టీ సగం మూగబోతుంది. 1989లో న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం నుంచి 12 పట్టీలు ఆ అయిదు జాతుల్లో ఒకరైన ఒనొండాగా ప్రజలకు తిరిగివచ్చాయి. వస్తువుతో పాటు దాన్ని పలికించే హక్కు కూడా చేతికి వచ్చిందనే నేను అనుకుంటాను.

ఇక అభ్యంతరాలు. ఇదంతా వ్యాపారుల పుణ్యమేనని, ఓడలో ఏ రంగు దిగితే దానికే జనం ఒక అర్థం అల్లుకున్నారని కొందరంటారు. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. తూర్పు ఆఫ్రికా బాటల్లో దాదాపు 400 రకాల పూసలు చెలామణిలో ఉన్నాయని 1860లో అచ్చయిన గ్రంథంలో అన్వేషకుడు రిచర్డ్ బర్టన్ రాశాడు. 1871లో ఆచూకీ తెలియని మిషనరీ లివింగ్‌స్టన్‌ను వెతుకుతూ ఆ దారిన వెళ్లిన పత్రికా విలేఖరి స్టాన్లీకి, ఉగోగో అనే సీమలో డబ్బులా చెల్లే నల్లపూస తక్కినచోట్ల ఎందుకూ కొరగాదని తెలిసింది. రంగు తప్పితే ఆ రోజు తిండికీ కూలికీ తిప్పలే. అందుకే బయలుదేరే ముందే ఏ ఊళ్లో ఏ పూస చెల్లుతుందో వాకబు చేసుకోవలసి వచ్చేది. సరుకు తెచ్చింది వ్యాపారే. ఏది చెల్లుతుందో నిర్ణయించింది మాత్రం ఊరే.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. నెత్తురు అందరికీ ఎరుపే, పాలు అందరికీ తెలుపే, చీకటి అందరికీ నలుపే. ఈ మూడు రంగుల అర్థమైనా అంతటా ఒకటే కాకూడదా? 1969లో బెర్లిన్, కే అనే పండితులు ప్రపంచ భాషలను పోల్చి, రంగుల పేర్లలో నలుపు తెలుపుల తర్వాత ఎరుపు వస్తుందని చూపారు. దాన్ని నేను కాదనను. అయితే కంటికి ముందు ఆనడం వేరు, అర్థం ఒకటవడం వేరు. జాంబియాలోని ఎండెంబు ప్రజల క్రతువులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్‌కు ఎరుపు ఒక్కదానిలోనే కాన్పు నెత్తురు, వేట నెత్తురు, క్షుద్రం అన్నీ కనిపించాయి. శరీరం ముడిసరుకు ఇస్తుంది. దానిలో ఏది ఎప్పుడు వాడాలో సంఘం నిర్ణయిస్తుంది. అసలు రంగుల మధ్య గీతలే అన్నిచోట్లా ఒకలా లేవు. మన 'పచ్చ'లో ఆకూ ఉంది, పసుపూ ఉంది. తేడా చెప్పాలంటే ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం. జూలూ భాషలో 'లుహ్లాజా' అనే మాట నీలానికీ ఆకుపచ్చకూ ఒకటే. తేడా చెప్పాలంటే ఆకాశంలాంటిది, గడ్డిలాంటిది అంటారు. గీతలే వేరైనప్పుడు ఒకరి పట్టిక మరొకరికి ఎలా సరిపోతుంది?

అర్థం ఇలా చోటును బట్టి మారితే ఎవరికి తోచింది వారు చెప్పుకోవచ్చా అని మూడో ప్రశ్న. అదీ కుదరదు. మ్సింగా కూర్పులో ఒక్క రంగు తప్పితే చూసినవారికి తెలిసిపోతుంది. నల్లపూసలు ఎవరు వేసుకోవాలో తెలుగు ఊళ్లో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. చోటుకు కట్టుబడిన నియమం పట్టిక కన్నా గట్టిది. పట్టికను ఎవరైనా తిరగరాయవచ్చు. నలుగురూ పాటించే కూర్పును ఒక్కరు మార్చలేరు.

అర్థం చుట్టూ ఉన్నవాటిని బట్టి తేలుతుందనడానికి పూసల కొలిమిలోనే చక్కని పోలిక ఉంది. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట తరతరాలుగా గాజుపూసలకు పేరు. పాండిచ్చేరి పక్కన అరికమేడులో ప్రాచీనకాలంలో చేసినట్టే, ఇక్కడివారు కరిగిన గాజును బోలుగొట్టంగా లాగి, ముక్కలు కొట్టి పూసలు చేసేవారు. ఆ జాతి చిన్నపూసలు ప్రాచీనకాలంలో ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి. తీమోర్ వంటి దీవుల్లో ఎర్రపూసలు వంశాస్తిగా, పెళ్లి ఇచ్చిపుచ్చుకోళ్లలో విలువైన సొమ్ముగా నిలిచాయి. గాజులో రాగి కలిపి, కొలిమికి గాలి తగ్గిస్తే ముదురు ఎరుపు వస్తుంది. గాలి ఆడనిస్తే అదే రాగి ఆకుపచ్చ కలిసిన నీలమవుతుంది. లోహం ఒకటే, చుట్టూ ఉన్న గాలి రంగును తేల్చింది. రంగు ఒకటే అయినా చుట్టూ ఉన్న మనుషులు దాని అర్థాన్ని తేలుస్తారు.

దూరదేశపు మ్యూజియంలో ఒక తెలుగుతల్లి నల్లపూసల కింద 'నలుపు: సంతాప సూచకం' అని చీటీ అంటించారనుకోండి. ఆ తల్లి పసుపుకుంకుమల గుర్తును శోకచిహ్నంగా చదివినందుకు మన మనసు ఎంత నొచ్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. జూలూ అమ్మాయి పతకాన్ని, హొడెనొషోని పట్టీని పట్టికతో చదివినప్పుడు మనం వారికి చేసేదీ అదే. పూస కింద రాసే చీటీలో రంగు కన్నా ముందు గుచ్చినవారు ఎవరు, వేసుకున్నవారు ఎవరు, పక్కన ఏమున్నాయి అన్నవి ఉండాలి. మన నల్లపూసలకు మనం కోరుకునే మర్యాద అది. ఇతరుల పూసలకూ అది మనం బాకీ ఉన్నాం.