నష్టాల బండి నేర్పిన లెక్క

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించి, వైద్య సదుపాయం గురించి నాకంటె సమర్థులు ఇప్పటికే మాట్లాడారు. రైళ్లంటే నాకున్న పిచ్చి మీలో చాలామందికి తెలిసిందే. నాకిచ్చిన పది నిమిషాలలో జపానులోని ఒక చిన్న రైలుమార్గం కథ మనవి చేస్తాను. దాని పేరు సన్రికు రైల్వే.

జపాను ప్రధాన ద్వీపానికి ఈశాన్యాన ఇవాతె అనే రాష్ట్రం ఉంది. అక్కడ కొండలు తిన్నగా సముద్రంలోకి దిగుతాయి. కొండకూ కొండకూ నడుమ చిన్న చిన్న రేవులు, జాలరి పల్లెలు. 1896లో సునామీ వచ్చి ఆ తీరంలో సుమారు 22,000 మంది మరణించారు. ఆ తీరానికి రైలు కావాలన్న ప్రతిపాదన ఆ ఏడాదే పుట్టింది. 1933లో మళ్లీ సునామీ వచ్చింది. రైలు మాత్రం ముక్కలు ముక్కలుగా, ఎన్నో దశాబ్దాలకుగాని రాలేదు.

వచ్చినదైనా నిలుస్తుందా అన్నది మరో సమస్య. జపాను జాతీయ రైల్వే అప్పుల్లో మునిగి ఉంది. రాబడి లేని మార్గాలను వదిలించుకోవడానికి 1980లో చట్టం చేశారు. సన్రికు తీరంలోని మార్గాలూ ఆ జాబితాలో చేరాయి. అప్పుడు ఇవాతె ప్రభుత్వం, అక్కడి పట్టణాలు, గ్రామాలు, కొన్ని ప్రైవేటు సంస్థలు కలిసి 1981లో ఒక కంపెనీ పెట్టుకున్నాయి. జాతీయ రైల్వే వదిలేసిన మార్గాలను ఈ విధంగా చేపట్టడం ఆ దేశంలో అదే మొదలు. 1984 ఏప్రిల్ 1న బండ్లు కదిలాయి. ఉత్తరాన మియాకో నుంచి కుజీ వరకు 71 కిలోమీటర్లు, దక్షిణాన సకారి నుంచి కమయిషి వరకు 36.6 కిలోమీటర్లు.

బుల్లెట్ రైళ్లవంటి ఆర్భాటం ఏమీ లేదు. ఒకటి రెండు పెట్టెల డీజిలు బండి. బడిపిల్లలు, ఆసుపత్రికి వెళ్లే మనవంటి ముసలివాళ్లు ఎక్కుతారు. ఆ పెట్టెల రకానికి 36 అని పేరు. జపాను భాషలో మూడు ‘సన్’, ఆరుకు ‘రికు’ అనే ఉచ్చారణ కూడా ఉంది. అంటే బండి అంకెలోనే ఊరి పేరు! చలికాలంలో బల్లకింద వెచ్చదనం, బల్లపై దుప్పటి కప్పిన ప్రత్యేక పెట్టె కూడా నడిపారు. మొదటి పదేళ్లు లాభాలు వచ్చాయి. తరువాత పల్లెల్లో జనం తగ్గారు, కార్లు పెరిగాయి, నష్టాలు మొదలయ్యాయి.

ఇక 2011 మార్చి 11. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు భూకంపం, వెంటనే సునామీ. దక్షిణ మార్గంలో ఒక బండి సొరంగంలో ఆగిపోయి బయటపడింది. సకారి డిపోలో ఉన్న పెట్టెలు నీట మునిగి పాడయ్యాయి. షిమానోకోషి స్టేషను వంతెనతో సహా కొట్టుకుపోయింది. మొత్తం 317 చోట్ల దెబ్బతింది. సొరంగాలలో ఉన్న పట్టాలు మాత్రం చాలావరకు నిలిచాయి.

కరెంటు లేదు. మియాకో స్టేషనులో నిలిచివున్న డీజిలు పెట్టెనే కంపెనీవారు ఆఫీసు చేసుకున్నారు. ఇంజను ఉంది గనుక దీపం, వెచ్చదనం దొరికాయి. అధ్యక్షుడు మొచిజుకి మసహికో మార్గం చూడబోతే, రోడ్లన్నీ శిథిలాలతో మూసుకుపోయి జనం పట్టాల వెంబడి నడుస్తున్నారట. నడపగలిగినంత మేర వెంటనే నడపాలని ఆయన నిర్ణయించారు. మార్చి 16న, అంటే ఐదో రోజున, కుజీ నుంచి రికుచూ-నోదా వరకు సుమారు 11 కిలోమీటర్లు బండి కదిలింది. 20న మియాకో నుంచి తారో వరకు. ఆ నెలాఖరు దాకా టిక్కెట్టు తీసుకోలేదు.

పూర్తి మార్గం 2014 ఏప్రిల్‌లో తెరిచారు. షిమానోకోషి దగ్గర ఈసారి వంతెనకు బదులు, అలలను కూడా ఆపే విధంగా మట్టికట్ట వేశారు. కువాయిట్ ప్రభుత్వం జపానుకు 50 లక్షల పీపాల ముడిచమురు విరాళమిచ్చింది. ఆ సొమ్ముతో కొన్న కొత్త పెట్టెల మీద ఆ దేశానికి కృతజ్ఞత రాసుకున్నారు. 2019 మార్చి 23న నడిమి భాగం కూడా కలిసి 163 కిలోమీటర్ల ఒకే మార్గమైంది. అదే అక్టోబరులో తుఫాను మళ్లీ కోసేసింది. 2020 మార్చి 20కి మళ్లీ కలిపారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనొక తప్పు చేశాను. ఉద్యోగంలో ఉండగా ఒక పల్లెలోని చిన్న ఆఫీసు ఎత్తివేయవచ్చునని నోటు రాసి ఫైలు పంపాను. రాబడి ఇంత, ఖర్చు ఇంత. కూడికలో తప్పు లేదు. ఆఫీసరుగారు మెచ్చుకున్నారు కూడా. కొన్నేళ్లకు బస్సులో ఆ ఊరి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. ఒక్క సంతకానికి రోజంతా పడుతోందని చెప్పుకొచ్చాడు. ఆ నోటు రాసింది నేనేనని చెప్పలేకపోయాను. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

సన్రికు రైల్వే ఈనాటికీ లాభసాటి కాదు. నష్టం నష్టమే, దాన్ని ఎవరో ఒకరు భరించవలసిందే. కాని ఆనాడు జాబితా రాసిన గుమాస్తా దగ్గర 2011 మార్చి 16 అనే తేదీకి గడి లేదు. నా దగ్గరా అటువంటి గడి లేదు. మన పిల్లలు, మనుమలు ఆఫీసుల్లో ఉన్నారు. లెక్క వేయవద్దని వారికి చెప్పను. వేసే ముందు ఒకసారి ఆ బండెక్కి రమ్మని చెబుతాను.