కల్లం కాపలా, చంద్రుడి లెక్క



మార్టూరు చుట్టుపక్కల మిరప కల్లాల దగ్గర రాత్రి కాపలా కాసే మన యానాది పెద్దలకు చంద్రుడే గడియారం. పున్నమినాడు పొద్దుగూకే వేళకు తూర్పున వస్తాడు, తెల్లవారే వేళకు పడమట దిగుతాడు. ఆపైన రోజుకు సుమారు 50 నిమిషాలు, పాత లెక్కలో రెండు ఘడియలు, ఆలస్యం. బహుళ అష్టమికి అర్ధరాత్రి దాకా చీకటే. పాముకైనా దొంగకైనా భయపడాల్సింది ఆ ముందు జామునే. శుక్ల అష్టమికి ఇది తిరగబడుతుంది. సాయంత్రమే నడినెత్తిన ఉంటాడు, అర్ధరాత్రికి దిగిపోతాడు. అమావాస్యనాడు సూర్యుడితోనే వచ్చి సూర్యుడితోనే పోతాడు, ఇక కనబడేదెక్కడ? ఈ చుట్టు దాదాపు 29.5 రోజులు.

ఫోనులో అన్నీ ఉన్నాయంటారు, నిజమే. అయినా వచ్చే పున్నమి మొదలు నెల్లాళ్లు రాయండి. తాత చెప్పిన వేళ ఒక పక్క, ఫోను చూపిన వేళ ఒక పక్క.