ఇంటి సేమియా

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు చదువులను గురించి, ఉపకార వేతనాలను గురించి, ఉద్యోగాలను గురించి ఎన్నో విలువైన సంగతులు చెప్పారు. వాటి పక్కన నాకు అప్పగించిన విషయం చిన్నదిగా కనబడవచ్చు. బజారులో కొనకుండా ఇంట్లోనే మొదటినుంచీ చేసుకునే తిండి, అందులో ఉండే సంతోషం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చాలా ఏళ్ళు బడిలో పిల్లలకు సామాన్యశాస్త్రం చెబుతూ, మరోపక్క ఇల్లు నడుపుకొచ్చినదాన్ని కనుక రెండు వైపులనుంచీ ఈ విషయం చూసే అవకాశం నాకు కలిగింది. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. అన్నీ ఇంట్లోనే చేసుకోవాలని నేను చెప్పడానికి రాలేదు. మనం గోధుమలు తిరగలిలో విసురుకోవడం లేదు, నూనె గానుగ ఆడించుకోవడం లేదు. రొట్టె, బన్ను, బిస్కట్లు మన పెద్దల కాలంలోనూ బేకరీనుంచే వచ్చేవి. బజారు మనకు శత్రువు కాదు. అయితే ఇంట్లో చేసుకోగలిగినవి, చేసుకుంటే మనసుకు తృప్తినిచ్చేవి కొన్ని ఉన్నాయి. అవి కూడా ఒక్కొక్కటిగా చేజారిపోతున్నాయి. ఫోనులో వేలితో నొక్కితే పావుగంటలో గుమ్మం ముందుకు వచ్చే రోజుల్లో ఏది కొనాలి, ఏది చేసుకోవాలి అన్నది ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయమైంది.

మనందరికీ తెలిసిన సేమియానే తీసుకుందాం. షీర్ ఖుర్మా లేని ఈద్ మన ఇళ్ళలో లేదు కదా! ఫార్సీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులో సేమియా ప్రసక్తి లేదు గాని, సేమియా లేకుండా అది షీర్ ఖుర్మా అనిపించుకోదు. ఈనాడు సన్నటి సేమియా వేయించినది కూడా ప్యాకెట్లో దొరుకుతోంది. ఒకప్పుడు రంజాన్ నెల రాకముందే, షాబాన్ రోజుల్లో, ఇంటింటా సేమియా పని మొదలయ్యేది.

ఆ పని చూడనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. సన్నరవ్వ, మైదా కలిపి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ గట్టిగా పిసకాలి. నీళ్ళెన్ని అని అడిగితే మా నానీ చెప్పేది కాదు. "ముద్దను నొక్కి చూడు, చెవి తమ్మె నొక్కినట్టు ఉండాలి" అనేది. తరువాత తడిగుడ్డ కప్పి గంటో రెండు గంటలో నాననివ్వాలి. గోధుమలో ఉండే మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అనే సాగే గుణమున్న పదార్థంగా తయారవుతాయి. పిసికినకొద్దీ అది వలలాగా అల్లుకుంటుంది. నాననిస్తే బిగువు సడలి, తెగకుండా సాగుతుంది. నానీకి గ్లూటెన్ పేరు తెలియదు. కాని దానితో ఎలా మెలగాలో నాకంటె ఆమెకే బాగా తెలుసు.

ఆ తరువాత మిషను. బల్ల అంచుకు మర బిగించి, ఒకరు పైనుంచి ముద్ద వేస్తూ పిడి తిప్పాలి. కిందనుంచి పోగులు వస్తుంటే ఇంకొకరు రెండు చేతులతో అందుకోవాలి. మూరెడు పొడవు కాగానే తెంపి మూడో మనిషి చేతికివ్వాలి. ఆ మూడో మనిషి వాటిని దండెం మీద గాని, నులక మంచం మీద పరచిన తెల్లటి పంచె మీద గాని ఒకదానికొకటి అంటుకోకుండా ఆరవేయాలి. కాకులను తోలడానికి, మబ్బు పడితే కేకవేయడానికి పిల్లలుండనే ఉన్నారు. ఎండిన పోగు పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. అలా దాస్తే బూజు పడుతుంది. సరిగా ఎండినవి డబ్బాలో పోస్తే ఈద్ దాకా నిల్వ ఉంటాయి.

ఇది ఒక్కరు చేసే పని కాదు. ఈ రోజు మా ఇంట, రేపు పక్కింట, ఎల్లుండి ఖాలా వాళ్ళింట. మిషను ఒకటే, వీధంతా తిరిగేది. మాటలు, పరాచికాలు, పెళ్ళి సంబంధాల విచారణలు, చిన్న చిన్న తగాదాలు తీర్చుకోవడాలు అన్నీ ఆ మంచం చుట్టూనే జరిగేవి. సేమియాతోపాటు ఇవన్నీ కూడా మనకు దక్కేవి. ప్యాకెట్టు సేమియాను మాత్రమే ఇవ్వగలదు.

మరి ఇందులో సంతోషమెక్కడుంది? రుచిలో ఉందనుకుంటాం. రుచి నిజమే. కాని నాకు అర్థమైనంతవరకు అసలు సంతోషం మన చేతికి ఒక విద్య వచ్చిందని తెలియడంలో ఉంది. ముద్ద సరిగా కుదిరిందని వేళ్ళు చెబుతాయి. వేగిందని ముక్కు చెబుతుంది. పాకం వచ్చిందని చెంచానుంచి జారే తీగ చెబుతుంది. మా నానీకి చివరి రోజుల్లో చూపు బాగా మందగించింది. అయినా పిండి ముద్ద చేతిలో పెడితే, "ఇంకో గుప్పెడు నీళ్ళు చల్లండి" అని కచ్చితంగా చెప్పేది. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు, చేతినుంచి చేతికే రావాలి. ఒక తరం నేర్చుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది. తరువాత ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

నేర్చుకోవాలంటే సేమియాతోనే మొదలుపెట్టనక్కరలేదు. పెరుగుతో మొదలుపెట్టండి. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగేటంత గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టడమే. కంటికి కనబడని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లానికి పాలు గడ్డకడతాయి. మరీ వేడిగా ఉంటే ఆ జీవులు చచ్చిపోతాయి, మరీ చల్లగా ఉంటే పనిచేయవు. చలికాలంలో గిన్నెకు దుప్పటి చుట్టేది అందుకే. ఎనిమిదేళ్ళ పిల్ల రాత్రి తోడు వేసి, ఉదయం మూత తీసి చూసినప్పుడు దాని ముఖం చూడండి. నేను బడిలో వారం రోజులు చెప్పిన పాఠం ఆ ఒక్క గిన్నెలో ఉంటుంది.

మసాలాల సంగతి కూడా చెప్పుకోవాలి. దాల్చినచెక్క, లవంగం, ఏలకుల సువాసనంతా వాటిలోని తైలాలదే. పొడి కొట్టగానే అవి గాలిలో కలిసిపోవడం మొదలవుతుంది. నెలల తరబడి పొడిగా ఉన్నదానికీ, అప్పుడే రోట్లో దంచినదానికీ తేడా అదే. దినుసులు అలాగే కొని, వారానికి సరిపడా దంచుకుంటే తక్కువ వేసినా ఎక్కువ పరిమళం వస్తుంది. ఖర్చు కూడా కలిసివస్తుంది.

కల్తీ భయం మరొకటి. మన దేశంలో 1954 నుంచీ ఆహార కల్తీ నిరోధానికి చట్టం ఉంది, 2006లో దాని స్థానంలో ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వచ్చింది. అయినా కారంలో ఇటుకపొడి, పసుపులో సీసం కలిసిన రంగు, మిరియాల్లో బొప్పాయి గింజలు పట్టుబడుతూనే ఉన్నాయి. గ్లాసు నీళ్ళపై కారం చల్లి చూడండి. అడుగున గరుకుగా పేరుకున్నా, రంగు చారలు చారలుగా దిగినా అనుమానించవలసిందే. మంచి మిరియాలు నీటిలో మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి. అందరు వ్యాపారులూ మోసగాళ్ళని నేననడం లేదు. ప్యాకెట్టు అల్లంవెల్లుల్లి ముద్దలో పులుపు, ఉప్పు ఎక్కువుంటే అది నిల్వ ఉండటానికి వేసినదే, దినుసుల పట్టికలో రాసే ఉంటుంది. ఇంట్లో నూరుకున్నదానికి ఆ రక్షణ లేదు గనుక కొద్దిగానే నూరుకోండి, ఫ్రిజ్‌లోనే ఉంచండి. నూనె కలిపిన వెల్లుల్లిని రోజుల తరబడి బయట పెట్టడం ప్రమాదం.

ఇంతవరకు చెప్పినదానికి సోదరులు తలలూపారు. సంతోషం. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా తలలూపాలని కోరుతున్నాను.

"మా అమ్మీ చేసినట్టు ఎవరూ చేయడం లేదు, ఈ కాలం ఆడవాళ్ళకు ఓపిక లేదు" అనే మాట మన దస్తర్‌ఖాన్ల దగ్గర తరచు వినబడుతుంది. ఆ అమ్మీ ఎన్ని గంటలకు లేచేదో, ఎన్ని గంటలకు పడుకునేదో ఎవరైనా లెక్కపెట్టారా? రంజాన్‌లో సహరీకి అందరికంటె ముందు లేచి, ఇఫ్తార్ సమయానికి పొయ్యి దగ్గరే ఖర్జూరం నోట్లో వేసుకున్న తల్లులు మన ఇళ్ళలో లేరా? ఈనాటి కోడలు బడికో, ఆఫీసుకో, కుట్టుపనికో వెళ్ళి వచ్చి అదే పొయ్యి దగ్గర నిలబడుతోంది. ఆమె ప్యాకెట్టు కత్తిరించిందంటే అది బద్ధకం కాదు, సాయం చేసే చెయ్యి లేకపోవడం. రుచి ఇంటిల్లిపాదికీ, చాకిరీ ఒక్కరికీ అయినచోట ఇంటివంట ఆనందమని ఉపన్యాసం చెప్పడం న్యాయం కాదు.

మన సమాజంలో ఒక వింత చూడండి. దావత్‌లలో డేగ్ ఎక్కించేది, బిర్యానీ దమ్ పెట్టేది, హలీం ఘోట్నీతో గంటల తరబడి రుబ్బేది అందరూ మగవాళ్ళే. బావర్చీని గొప్పగా చెప్పుకుంటాం. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వస్తే గర్వపడ్డాం. షాదీఖానాలో వంట చేయడం మగవాడికి గౌరవమైతే, ఇంట్లో ఉల్లిపాయలు తరగడం నామర్దా ఎలా అవుతుంది? ప్రవక్తగారు ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. విన్నది చేతల్లోకి రావాలి.

రాదని కూడా అనలేం. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో రంజాన్ వచ్చింది. హైదరాబాద్‌లో హోటళ్ళ ముందు హలీం భట్టీలు వెలగలేదు. ఆ నెలలో ఇంట్లో ఊరికే కూర్చున్న మగవాళ్ళు ఎందరో వంటింట్లోకి వచ్చారు. మా ఇంట్లో రాత్రి గోధుమలు నానబోసింది మా అబ్బాయి, మాంసం ఉడికించింది కోడలు, పప్పుగుత్తితో చేతులు నొప్పిపుట్టేదాకా మెదిపింది మావారు. హోటల్ హలీంలా నున్నగా రాలేదు. అయినా ఆ సాయంత్రం గిన్నె అడుగు గీకి తిన్నాం. ఎవరు ఏం చేశారో చెప్పుకుంటూ తిన్నాం. పని పంచుకున్నచోటే ఈ సంతోషం నిలుస్తుందని నాకు ఆనాడు రూఢి అయింది.

కనుక కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే షాబాన్‌లో ఒక ఆదివారం మన సొసైటీ ఆవరణలో సేమియా మిషన్లు బిగిద్దాం. పాత మిషను అటకమీద ఉన్నవారు దింపి, శుభ్రం చేసి తీసుకురండి. చేయి తిరిగిన పెద్దమ్మలు నేర్పుతారు. నేర్చుకోవడానికి ఆడపిల్లలతోపాటు మగపిల్లలూ రావాలి, పిడి తిప్పడానికి వాళ్ళ బలమే కావాలి. కొలతలు, మెళకువలు ఎవరైనా తెలుగులో రాసి పెడితే వచ్చే సంచికలో వేసుకోవచ్చు. చేసిన సేమియాలో కొంత భాగం ఈద్‌కు ముందే, వండుకునే స్థోమత లేని ఇళ్ళకు పంపుదాం.

ఇంకొక మాట. చేసుకునే తీరిక నిజంగానే లేనివారు కొనుక్కోండి, తప్పులేదు. అయితే మన వీధిలోనే సేమియా, అప్పడాలు, మసాలా పొడులు చేసి బతుకు వెళ్ళదీస్తున్న ఒంటరి స్త్రీలు ఉన్నారు. ముందు వారి గుమ్మం తట్టండి. పెద్ద కంపెనీ సరుకుకు బేరమాడని మనం, వారి దగ్గర పది రూపాయలకు బేరమాడవద్దు. ఆ ధరలో పిండితోపాటు వారి చేతి నొప్పి కూడా ఉంది. చేసి చూసినవారికి ఆ సంగతి చెప్పకుండానే తెలుస్తుంది.